తడవని పూస

కుళాయి దగ్గర మనిషి పడిపోయి ఉన్నాడు. బిందెలతో వచ్చినవాళ్ళు కాలు తగలకుండా మర్యాదగా అతన్ని చుట్టి వెళ్ళి వరసలో నిలబడుతున్నారు. ఒకావిడ అతని మొహం వంక చూడబోతే పక్కావిడ మోచేత్తో పొడిచి, "పూస చూసుకో" అంది. ఆవిడ గబుక్కున తల తిప్పుకుని ఆకాశం వైపు చూసింది.

మెరకపాలెంలో దీన్ని క్రూరత్వం అనరు, పౌరధర్మం అంటారు. సముద్రం లంకల్ని మింగేశాక మిగిలిన జనాన్ని ఎగువన కట్టిన ఈ అంతస్తుల్లోకి ఎక్కించినప్పుడు, అందరికీ సరిపడా ఉన్నది గాలి ఒక్కటే. అదీ ఉప్పుగాలి. మందులూ మంచాలూ ఎవరికివ్వాలో తేల్చడానికి మొదట చీట్లు తీశారు. తరవాత సిఫార్సులు నడిచాయి. ఆ తరవాత కొట్టుకున్నారు. చివరికి శాస్త్రజ్ఞులు కంఠికను కనిపెట్టారు.

కంఠిక అంటే మెడకి కట్టుకునే సన్నటి పట్టీ. మనిషి కథ వింటూ ఊ కొడితే ఆ ఊలో మనసు ఎంత కరిగిందో అది పసిగడుతుంది. మాటతో బొంకవచ్చు, కన్నీళ్ళు తెప్పించుకోవచ్చు, కానీ కథలో పడిపోయిన మనిషి గొంతులోంచి తనకే తెలియకుండా వచ్చే ఊ మాత్రం బొంకదని వాళ్ళు తేల్చారు. పట్టీ మధ్యలో తెల్లటి పూస ఉంటుంది. మనసు కరిగితే అది నీలంగా మారుతుంది. దాన్నే జనం పూస తడవడం అంటారు. అమావాస్య అమావాస్యకీ కథాసభ జరుగుతుంది. అవసరం ఉన్నవాళ్ళు వచ్చి తమ కష్టాన్ని కథగా చెప్పుకుంటారు, పేటంతా కూర్చుని ఊ కొడుతుంది. ఎవరి కథకి ఎక్కువ పూసలు తడిస్తే వాళ్ళు అడిగింది వాళ్ళకిస్తారు. మనిషి కనిపెట్టిన పద్ధతులన్నిటిలోకీ ఇదే న్యాయమైనదని బడిపిల్లలు వ్యాసాలు రాస్తారు.

చిక్కల్లా ఒక్కటే. మనిషిలో ఆర్ద్రత ఊటబావి కాదని త్వరలోనే తేలింది. వీధిలో ఖర్చుపెట్టుకున్నవాడి పూస సభలో తడవడం లేదు. అందుకని సభ బయట పూస తడిస్తే ఆ ఇంటి వాటాలో కోత పడుతుందని చట్టం వచ్చింది. దయని దారిలో పారబోయవద్దని ప్రతి మెట్ల మలుపులోనూ రాసి ఉంటుంది. నవ్వుకి మాత్రం లెక్కలేదు. నవ్వే గొంతును కంఠిక పట్టించుకోదు, దాని దృష్టిలో అది ఒట్టి చప్పుడు.

ఆ సందు కనిపెట్టినవాడు మరిడయ్య. బిందె పక్కన పెట్టి, పడిపోయినవాడి దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"ఏవయ్యా, వరసలో నిలబడ్డానికి బద్ధకమేసి పడుకున్నావా? మంచి ఉపాయమే. నేనూ పడుకుంటాను, కాత్త జరుగు" అన్నాడు.

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మరిడయ్య నిజంగానే అతని పక్కన నేల మీద పడుకుని, "అమ్మా, పడుకున్నవాళ్ళది వేరే వరసండి. మాక్కూడా పట్టండి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఒకావిడ చెంబెడు నీళ్ళు అందించింది. పడిపోయినవాడు లేచి తాగాడు. ఒక్క పూసా తడవలేదు.

తరవాత మరిడయ్యకి దగ్గు వచ్చింది. పక్కటెముకలు బయటికొచ్చేస్తాయేమో అన్నట్టు దగ్గాడు. వరసంతా మళ్ళీ ఆకాశం వైపు చూసింది.

ఇదంతా పై అంతస్తు పిట్టగోడ దగ్గర నిలబడి చూస్తున్న అతని భార్య నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. ఉన్న నాలుగు ఊపిర్లూ ఇలా తగలేస్తాడు. సాయంత్రమైతే మెట్ల మీద కూర్చుని దారిన పోయేవాళ్ళందరికీ ఏవో పిచ్చి కథలు చెప్పి నవ్విస్తాడు. ఆ నవ్వులు పైకి వినిపిస్తుంటే ఆమె తలుపేసుకునేది.

పెళ్ళికి ముందు మరిడయ్య ఆమె తండ్రి బుర్రకథ దళంలో హాస్యపు వంత. తండ్రి తరవాత తంబుర నూకరత్నం అందుకుంది. లంకలు పోయాక తంబురా పోయింది, కథ చెప్పే నేర్పు మాత్రం మిగిలింది. మెరకపాలెంలో ఆ నేర్పుకి గిరాకీ ఉంది. సభకెక్కేవాళ్ళు ముందు ఆమె దగ్గరికొచ్చి తమ కష్టాన్ని దిద్దించుకుంటారు. ఎక్కడ ఆగాలో, ఏది దాచి చివర్న బయటపెట్టాలో ఆమె చెబుతుంది. ఆమె దిద్దిన కథకి తడవని పూస లేదని పేరు.

ఆ అమావాస్యకి కొండ మీది శ్వాసాలయంలో ఒక మంచం ఖాళీ అయింది. ఉప్పుదగ్గు పట్టినవాళ్ళు బతికేది అక్కడొక్కచోటే. మధ్యాహ్నం కింది అంతస్తు వీరవేణి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అక్కా, మా అమ్మ కథ కాత్త దిద్ది పెట్టవా?"

"ఈసారి నేనూ చెప్తన్నాను వేణీ. మీ బావ కోసం."

వీరవేణి మొహం మాడిపోయింది. "అయితే నేను రావడమెందుకులే అక్కా."

నూకరత్నానికి ఏమనిపించిందో, వెళ్ళిపోతున్న ఆమెని పిలిచింది. "దగ్గు గురించి చెప్పకు. దగ్గు అందరిళ్ళలోనూ ఉంది. మీ అమ్మ చేత్తో చేసిన పని ఒకటి చెప్పు. ఇప్పుడు చెయ్యలేనిది."

ఆ మాట ఏమీ తీసుకోకుండా చెప్పినందుకు తరవాత తనని తాను మెచ్చుకుంది కూడా. ఏం చెప్పినా వీరవేణి గెలవదని ఆమెకి తెలుసు.

అన్నాల దగ్గర మరిడయ్యకి సంగతి చెప్పింది. "తాయారు కథ చెప్తాను."

అతను చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. ఆ పేరు ఆ ఇంట్లో వినిపించి చాలా ఏళ్ళయింది.

"దాన్ని ఒదిలెయ్యి రత్నం."

"ఒదిలేత్తే నువ్వు పోతావు."

"పోతే పోతాను. అది నీకు చెప్పేను గానీ ఊరికి చెప్పలేదు."

"నాకు మటుకు కూతురు కాదా?"

"నువ్వక్కడ లేవు కదే" అన్నాడు మరిడయ్య. అందులో నిష్ఠూరమేం లేదు. ఉన్నమాట అన్నాడు. ఆమెకి మాత్రం కంచం విసిరికొట్టాలనిపించింది. విసరలేదు. అన్నం దొరకడం కష్టమైన రోజులవి.

సభలో ముందు వీరవేణి చెప్పింది. తల్లి అప్పాయమ్మ జడలు వేసే తీరు గురించి చెప్పింది. బాగానే మొదలుపెట్టింది గానీ మధ్యలో గాభరాపడి దగ్గు సంగతిలోకి జారిపోయింది. అక్కడక్కడ కొన్ని పూసలు తడిసి మళ్ళీ తెల్లబడ్డాయి. ఆమె కళ్ళు తుడుచుకుంటూ దిగి వచ్చింది.

నూకరత్నం లేచి నిలబడింది. చేతులు రెండూ ఖాళీగా ఉంచుకుంది. గొంతు పెంచలేదు.

"నీళ్ళొచ్చిన రోజున నేను ఇంట్లో లేను. మెట్ట ఊళ్ళో కథ చెప్పడానికెళ్ళాను. ఎవరి పెళ్ళిలోనో నిలబడి జనాన్ని ఏడిపిస్తన్నాను."

ఊ, అంది సభ.

"నా పెనిమిటి, నా కూతురు తాయారు పెంకుల మీదికెక్కేరు. పగలే చీకటిపడిపోయింది. పిల్ల తడిసి ఒణికిపోతంది. ఆయన దాన్ని గుండెల మీదేసుకుని కథ మొదలెట్టేడు."

ఊ.

"అది భయపడకుండా ఊ కొడతంది. దాని ఊ చెవితో వినక్కర్లేదండి. గుండెల మీదుంది కదా, ఒంట్లోకే వత్తది."

ఊ.

"కొంతసేపటికి దాని ఊ ఆగిపోయింది."

సభలో ఊ ఆగిపోయింది. ఆగిన చోట ఆమె ఎంతసేపు ఊరుకోవాలో అంతసేపే ఊరుకుంది. అది ఆమె వృత్తి.

"ఆయన కథ ఆపలేదండి. ఆపితే తెలిసిపోద్దని. వాన వెలిసేదాకా చెప్తానే ఉన్నాడు."

మొత్తం సభ నీలంగా వెలిగింది. ముసలివాళ్ళ గెడ్డాల కింద, పిల్లల మెడల్లో, తలుపు దగ్గర నిలబడ్డ సభాధికారి చంద్రమౌళి మెడలో కూడా పూసలు తడిశాయి. చెప్పేవాళ్ళ పూస కూడా తడిస్తేనే కథ చెల్లుతుంది. లేకపోతే అది కల్ల కథ కింద లెక్క, చెప్పినవాళ్ళకి శుష్కముద్ర వేసి కంఠిక కోసేస్తారు. ఇక ఆ ఇంటివాళ్ళకి ఏదీ అడిగే హక్కుండదు. నూకరత్నం పూస అందరికన్నా చిక్కటి నీలంలో ఉంది. అంత ఆర్ద్రాంకం మెరకపాలెంలో ఎప్పుడూ నమోదు కాలేదని చంద్రమౌళి ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు మరిడయ్యని పల్లకీబండిలో కొండెక్కించారు. వారం పోయాక చూడ్డానికి వెళ్తే అతను తెల్లటి దుప్పటి కింద నెమ్మదిగా ఊపిరి తీస్తున్నాడు. రంగు తేరాడు.

"బాగా చెప్పేవంట" అన్నాడు.

అంతకు మించి ఏం మాట్లాడలేదు. ఆమె కూడా అడగలేదు. బతికాడు కదా, కోపం అదే పోతుంది అనుకుంది.

కానీ శ్వాసాలయంలో మంచం శాశ్వతంగా ఇవ్వరు. ప్రతి అమావాస్యకీ సభలో మళ్ళీ నిలబెట్టుకోవాలి. రెండోసారి అదే కథ చెబితే పూసలు కాస్త తక్కువ తడిశాయి. నూకరత్నం వృత్తి తెలిసిన మనిషి. మూడోసారి తాయారు చేత "అమ్మేదీ నాన్నా" అనిపించింది. సభ కరిగిపోయింది. ఆ తరవాత పిల్ల గుప్పిట్లో గాజుముక్క ఒకటి పెట్టింది. ఇంకోసారి పిల్ల జబ్బుపడి లేచిన మర్నాడే నీళ్ళొచ్చాయంది. ఒక్కో అమావాస్యకీ ఒక్కోటి తగిలిస్తూ పోయింది. ఇంటికొచ్చి పడుకున్నాక గాజుముక్క నిజంగా ఉందా అని ఆలోచించేది. ఉన్నట్టే అనిపించేది. ఆకుపచ్చది.

అంతటితో ఆగితే బావుండేది. పూసల లెక్క కట్టే సభాయంత్రం ఆ కథని నమూనా కథగా ఎంచింది. దాని నకలు అన్ని పేటలకీ వెళ్ళింది. బడిలో పిల్లలకి వల్లె వేయించారు. తరవాత నుంచి సభకెక్కిన ప్రతివాళ్ళ కథలోనూ ఎవరో ఒక పిల్ల ఎవరో ఒకరి గుండెల మీద ఊ కొడుతూ కొడుతూ ఆగిపోవడం మొదలైంది. నేతపనివాడి మేనకోడలు అలాగే పోయింది. వంటమనిషి చెల్లెలు అలాగే పోయింది. ఒక ముసలాయన తన ఆవుదూడ చేత కూడా ఊ కొట్టించాడు. నూకరత్నం వెనక వరసలో కూర్చుని, తన కూతురు ప్రతి అమావాస్యకీ పదిమంది నోళ్ళలో చచ్చిపోవడం వింటూ ఊ కొట్టేది. మొదట్లో ప్రాణం విలవిల్లాడింది. తరవాత తరవాత, ఫలానావాడు సరిగ్గా ఆగలేదు, ఫలానామె తొందరపడింది అని తప్పులెంచుకోవడం అలవాటైంది.

వానాకాలం వెళ్ళిపోయాక వచ్చిన సభలో వీరవేణి మళ్ళీ లేచింది. అప్పటికి అప్పాయమ్మ గోడకి ఆనుకుని కూర్చుంటే తప్ప ఊపిరాడని స్థితికొచ్చింది.

వీరవేణి తన తమ్ముడి కథ చెప్పింది. పెంకుల మీద, చీకట్లో, అమ్మ గుండెల మీద తమ్ముడు. ఆమెకి తమ్ముడు లేడని మెట్ల మీద అందరికీ తెలుసు. ఆమె నిలబడిన తీరు, ఖాళీ చేతులు, ఊ ఆగిన చోట ఊరుకున్న ఆ కాస్సేపు, అన్నీ నూకరత్నానివే. కాకపోతే ఆమె ఇంట్లో గోడకానుకుని కూర్చున్న తల్లి నిజం. ఆమె పూస ఆ తల్లి కోసం చిక్కగా తడిసింది. యంత్రానికి కావలసింది తడి. అది ఎవరి కోసమో దానికి అక్కర్లేదు.

సభంతా నీలంగా వెలిగింది. వెనక వరసలో ఒక్క పూస మాత్రం తెల్లగా ఉండిపోయింది. పక్కన కూర్చున్నవాళ్ళు చూసి, కొంచెం ఎడంగా జరిగారు.

"సొంత కూతురు అలాగే పోయింది కదా, కాత్తయినా చలించలేదు చూడు" అని ఎవరో గుసగుసలాడారు.

నూకరత్నం లేచి ముందుకొచ్చింది. తాయారు పేరు పలికింది. గాజుముక్క చూపించింది. అమ్మేదీ నాన్నా అనిపించింది. గొంతు ఎక్కడ వణకాలో అక్కడ వణికింది. ఆమె పూస తడవలేదు. లోపల వెతుక్కుంది. పిల్ల మొహం గుర్తు తెచ్చుకుందామంటే నేతపనివాడి మేనకోడలు కనబడింది. గాజుముక్క కనబడింది. ఇంకేమీ లేదు. ఆమె మాట మధ్యలో ఆపేసి నిలబడింది.

"కల్ల కథ" అన్నాడు చంద్రమౌళి. అతనికి బాధగానే ఉంది, కానీ పూస చూసుకుంటూ అన్నాడు. చిన్న కత్తెరతో ఆమె కంఠిక కోసి సంచీలో వేసుకున్నాడు. ఏళ్ళ తరబడి పట్టీ ఉన్నచోట మెడ మీద తెల్లటి చార కనబడింది.

మరిడయ్యని అదే పల్లకీబండిలో దించారు. అదే బండిలో అప్పాయమ్మని ఎక్కించుకుపోయారు. మెట్ల దగ్గర బండి ఆగినప్పుడు వీరవేణి, నూకరత్నం ఎదురుపడ్డారు. ఎవరి మనిషిని వాళ్ళు పట్టుకుని పక్కకి తప్పుకున్నారు.

నూకరత్నం మరిడయ్యని ఇంట్లో కిటికీ పక్కన పడుకోబెట్టింది. శ్వాసాలయం గాలికి అలవాటుపడ్డ ఊపిరితిత్తులు ఈ గాలిని తట్టుకోలేకపోతున్నాయి. మూడో రోజు మధ్యాహ్నానికి అతని గోళ్ళు నల్లబడ్డాయి. ఆమె పక్కన కూర్చుని విసురుతోంది.

"మావా, ఒకటి అడగనా?"

అతను కళ్ళు తిప్పి చూశాడు.

"తాయారు నా కోసం అడిగిందా?"

"లేదు."

"దాని చేతిలో గాజుముక్క..."

"గాజుముక్కేంటి?"

ఆమె విసనకర్ర కింద పెట్టింది. సిగ్గో దుఃఖమో తెలియలేదు, ఏదైతేనేం, అది పైకి రాలేదు. "నాకేం మిగల్లేదు మావా. అంతా అమ్మేసేను. దాని మొహం కూడా రావట్లేదు" అంది.

మరిడయ్య తిట్టలేదు. నీకు కావలసిందే అని కూడా అనలేదు. ఆమె చెయ్యి తీసుకుని తన గుండెల మీద పెట్టుకున్నాడు.

"ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"ఏంటి?"

"నేను దానికి ఏం కథ చెప్పేనో."

నూకరత్నం ఉలిక్కిపడింది. నిజంగానే అడగలేదు. అతను ఆ సంగతి చెప్పిన రోజున అడగలేదు. సభలో అన్నిసార్లు చెప్పినా కథ మొదలెట్టేడు అనే చెప్పింది గానీ, ఏ కథో ఆమెకీ తెలియదు, సభకీ అక్కర్లేకపోయింది. కథలే బతుకుగా బతికిన మనిషి అడగాల్సిన ఆ ఒక్కటే మరిచిపోయింది.

"చెప్పు" అంది.

"ఊ కొట్టాలి మరి."

"కొడతాను."

"అనగనగా ఒక ఊళ్ళో ఒక కోడిపుంజుంది. దానికి నిద్రమత్తెక్కువ."

"ఊ."

"ఊరోళ్ళందరూ దాని కూతకే లేత్తారు. ఇది పొద్దెక్కినా లేవదు. ఇది లేవకపోతే ఊరు లేవదు."

"ఊ."

ఊపిరి కోసం ఆగాడు. ఒక్కో మాటకీ ఆగుతున్నాడు. మధ్యమధ్య అతని పెదాల మీద పాత హాస్యపు వంత విరుపు వచ్చి పోతోంది. మెట్ల మీద నుంచి ఇన్నేళ్ళూ వినిపించిన నవ్వులు ఈ కథవేనని నూకరత్నానికి అప్పుడు తట్టింది. ఆమె తలుపేసుకున్న సాయంత్రాలన్నిట్లో అతను తాయారుకి చెప్పిన కథనే దారిన పోయేవాళ్ళకి చెబుతూ కూర్చున్నాడు.

"సూర్యుడు రోజూ వత్తాడు, ఎవడూ లేవడు. నిద్రపోయే ఊరు మీద కాసి కాసి ఆయనకి ఒళ్ళు మండింది."

"ఊ."

"కొండ దిగొచ్చి... కోడిగూడు తలుపు కొట్టేడు. తాయారు ఇక్కడిదాకానే..." అని, కాస్త ఊపిరి కూడదీసుకుని, "కోడి ఒక కన్ను తెరిచి..." అన్నాడు.

"ఊ" అంది నూకరత్నం.

ఆమె చేతి కింద గుండె ఆగింది. ఆమె చెయ్యి తియ్యలేదు.

"ఊ" అంది మళ్ళీ. కొంచెంసేపాగి మళ్ళీ అంది. తీస్తే తెలిసిపోతుంది.

గుమ్మంలో వీరవేణి నిలబడి ఉంది. దగ్గు వినిపించడం మానేసిందని పైకి వచ్చినట్టుంది. ఆమెకి చావింటి నియమం తెలుసు. సభాధికారి వచ్చి తుదికథ చదువుతాడు. అప్పుడు చుట్టుపక్కలవాళ్ళందరి పూసలూ తడవాలి. చావింట్లో పూస తడవనివాళ్ళకీ శుష్కముద్రే. అక్కడ ఉన్న తడిని జాగ్రత్తగా దాచుకుని, తలొంచుకుని నిలబడి, అధికారి చదివినప్పుడు ఖర్చుపెట్టాలి. వీరవేణి అందుకే గుమ్మం దాటలేదు.

"వేణీ" అంది నూకరత్నం, తల తిప్పకుండా. "కోడి ఒక కన్ను తెరిచి ఏమంది?"

వీరవేణి ద్వారబంధం పట్టుకుంది.

"నువ్వు విన్నావు కదా మెట్ల మీద. నాకు తెలీదే. చెప్పవా?"

వీరవేణి పూసని వేళ్ళతో తడుముకుంది. మెట్ల వైపు చూసింది. తరవాత లోపలికొచ్చి, మరిడయ్య కాళ్ళ దగ్గర కూలబడింది.

"కోడి ఒక కన్ను తెరిచింది అక్కా. తెరిచి, ఎవడయ్యా నువ్వు, తెల్లారకుండా వచ్చి తలుపులు బాదుతున్నావు? తెల్లారేక రా, అంది."

నూకరత్నం ఆమె వంక చూసింది.

"దాంతో సూర్యుడికే అనుమానమొచ్చేసింది. ఒకేళ నేనే ముందొచ్చేసేనేమో అనుకుని, తప్పయిపోయిందండి పడుకోండి అని, వెనక్కెళ్ళి కొండ చాటున కూర్చున్నాడు. ఇప్పటికీ కూర్చునే ఉన్నాడని బావ చెప్పేవాడు. అలాగ దణ్ణం పెట్టుకుంటూ ఎనక్కి ఎనక్కి నడిచి చూపించేవాడు."

అది చెబుతూ వీరవేణికి ఆ నడక గుర్తొచ్చింది. ఆపుకోబోయింది, ముక్కులోంచి నవ్వు తన్నుకొచ్చింది. నూకరత్నానికీ కనబడింది ఆ నడక. పెంకుల మీద, వానలో, గుండెల మీద పిల్లని పెట్టుకుని, నడవడానికి చోటు లేక కూర్చున్నచోటే దణ్ణాలు పెడుతున్న మరిడయ్య కనబడ్డాడు. అతని గెడ్డం కిందనుంచి పైకి చూస్తున్న తాయారు మొహం కనబడింది. ముందుపళ్ళు ఊడిన నోరు. ఆమెకి నవ్వొచ్చింది. శవం గుండెల మీద చెయ్యి పెట్టుకుని పడీపడీ నవ్వింది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వారు.

కబురందుకున్న చంద్రమౌళి తుదికథ పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి అలా ఉన్నారు. వీరవేణి మెడలో పూస మల్లెమొగ్గంత తెల్లగా ఉంది. కంఠిక నవ్వుల్ని లెక్కపెట్టదు. ఒక మనిషి ఇంకో మనిషికి తన దగ్గరున్నదంతా ఇచ్చేస్తుంటే దానికి వినబడింది ఒట్టి చప్పుడే.

"చావింట్లో" అన్నాడు చంద్రమౌళి నెమ్మదిగా. "వీరవేణిగారూ, కొంచెం తమాయించుకోండి. నేను చదువుతాను. ఊ కొట్టండి చాలు."

అతను చదివాడు. అది తాయారు నమూనా కథకి చిన్న మార్పులు చేసి రాసింది. వీరవేణి పెదాలు బిగబట్టింది. పిల్ల ఊ ఆగిపోయే చోట ఆమెకి మళ్ళీ కొండ చాటున కూర్చున్న సూర్యుడు గుర్తొచ్చాడు. ఆమె ఊ కొట్టబోయి పకాలుమంది.

అతను కత్తెర తీశాడు.

అప్పాయమ్మని మర్నాడే కంఠిక కోసి దించేశారు. ముద్ర పడిన ఇంటికి మంచం ఉండదు. బండివాళ్ళు మెట్ల దాకా తెచ్చి వదిలేశారు. ఇంటి దాకా మొయ్యడం వాళ్ళ పని కాదన్నారు. ముసలావిడని వీరవేణి ఒక్కత్తీ ఎత్తలేకపోయింది. నూకరత్నం దిగివచ్చి రెండో పక్క పట్టుకుంది. ఒక మలుపు దాకా ఎక్కించగలిగారు. అక్కడ ఆవిడ ఇక వద్దని చేత్తో సైగ చేసింది. మరిడయ్య సాయంత్రాలు కూర్చునే మెట్టు అదే.

వీరవేణి తన తప్పు చెప్పుకోబోయింది. అప్పాయమ్మ వినలేదు.

"ఎందుకు నవ్వేవంట?" అని అడిగింది, ఊపిరి మధ్యలో.

వీరవేణి నూకరత్నం వైపు చూసింది. నూకరత్నం ముసలావిడని తన భుజానికి ఆనించుకుని కూర్చుంది. మెట్లెక్కేవాళ్ళు పూసలు చూసుకుంటూ గోడవారగా తప్పుకుపోతున్నారు. ఈ ముగ్గురి మెడల్లోనూ చూసుకోవడానికేమీ లేదు.

"అనగనగా ఒక ఊళ్ళో ఒక కోడిపుంజుంది" అంది నూకరత్నం. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు వణికించాలో ఆలోచించలేదు. మరిడయ్య విరుపు రాకపోయినా దానికోసం ప్రయత్నించింది.

"ఊ" అంది అప్పాయమ్మ.

"దానికి నిద్రమత్తెక్కువ."

"ఊ."

ఆ ఊ ఆమె భుజంలోకి వస్తోంది. ఊరు లేవలేదు. సూర్యుడికి కోపమొచ్చింది. కొండ దిగాడు. కోడిగూడు తలుపు కొట్టాడు.

భుజంలోకి ఊ రాలేదు.

నూకరత్నం ఆపలేదు. "కోడి ఒక కన్ను తెరిచింది" అని, వీరవేణి వంక చూసింది.

వీరవేణికి అర్థమైంది. ఆమె తల్లి పాదాలు ఒళ్ళోకి తీసుకుని, "ఊ" అంది.